మగవాళ్ళు దాచుకునే జబ్బు – ధ్వని చెప్పే నిజం

పోయిన ఏడాది ఫిజిక్సు పరీక్షలో "అతిధ్వనులు: ఉత్పత్తి, ధర్మాలు, ఉపయోగాలు" అనే ప్రశ్నకు నేను నాలుగు పేజీలు రాశాను. ఉపయోగాల దగ్గర "వైద్యరంగంలో రోగనిర్ధారణకు వాడుదురు" అని ఒక్క వాక్యం రాసి, గీత గీసి, పేపరు కట్టేసి వచ్చాను. మార్కులు బాగానే వచ్చాయి. అదే రోజుల్లో ఊళ్ళో మా తాత రాత్రికి ఐదుసార్లు మంచం దిగి దొడ్లోకి పోయి, పావుగంట సేపు చింతచెట్టు కింద నిలబడి వచ్చేవాడు. సెలవులకు పోయినప్పుడు పక్కమంచం మీద పడుకుని నేనది చూశాను. చూసి ముసుగు కప్పుకున్నాను. నాలుగు పేజీల వ్యాసానికీ, చింతచెట్టు కింద ముసలాయనకూ సంబంధం ఉన్నదని అప్పుడు నాకు తట్టలేదు. ఈ వ్యాసం ఆ తప్పుకు నేను కట్టుకుంటున్న జుర్మానా అనుకోండి.

మాది జడ్చర్ల అవతల ఒక పల్లె. నాలుగెకరాల చెలక, ఒక బోరు. నేను ఉప్పుగూడలో ఒక గది కిరాయికి తీసుకుని చదువుకుంటున్నాను. మహబూబ్‌నగర్ పోయే రైలు పట్టాలు మా గల్లీ పక్కనుంచే పోతాయి. రాత్రిపూట రైలు కూత వినిపిస్తే ఊరు గుర్తుకొస్తుంది. ఆషాఢంలో పాతబస్తీ బోనాలు చూడాలని తాత నా గదికి వచ్చాడు. లాల్‌దర్వాజ చూసి, ఉప్పుగూడ మహంకాళమ్మకు మొక్కి, వానలో తడిసి గది చేరాడు. తెల్లారేసరికి ముక్కు కారడం మొదలైంది. మెడికల్ షాపులో అడిగి జలుబు మాత్ర తెచ్చి నేనే వేశాను. ఆ రాత్రి రెండు గంటలకు తాత నన్ను లేపాడు.

"బిడ్డా, ఒంటికి వస్తలేదురా" అన్నాడు.

డెబ్బైరెండేళ్ళ జీవితంలో ఆ మాట ఆయన ఇంకొకరితో అనడం అదే మొదటిసారి అనుకుంటాను. పొత్తికడుపు రాయిలా గట్టిగా ఉన్నది. నుదురంతా చెమట. మా ఇంటి ఓనరు చాచాను లేపితే ఆయన కొడుకు ఆటో తీశాడు. దవాఖానలో ట్యూబు వేశారు. సంచిలోకి తొమ్మిదివందల మిల్లీలీటర్లకు పైగా దిగింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రాశయం నాలుగువందల నుంచి ఆరువందల మిల్లీలీటర్లకే పోదాం పద అంటుంది. డ్యూటీ డాక్టరు జలుబు మాత్ర పేరడిగి తల ఊపాడు. జలుబు మాత్రల్లో కొన్నింటికి మూత్రాశయం మూతి దగ్గరి కండరాన్ని బిగించే గుణమూ, గోడ కండరాన్ని మందగింపజేసే గుణమూ ఉంటాయట. అప్పటికే ఇరుకైన దారి ఆ రాత్రి పూర్తిగా మూసుకుపోయింది. మాత్ర తెచ్చింది నేను, సైన్సు విద్యార్థిని!

ఇక అసలు సంగతి. దీనికి నాలుగు నెలల ముందే నాయన తాతను ఊరి దగ్గరి పట్నంలో ఒక సెంటరుకు తీసుకుపోయి స్కానింగు తీయించి ఉన్నాడు. మొదట స్కానింగు అనగానే తాత, "నేనేమన్న కడుపుతోని ఉన్ననార?" అని నవ్వాడట. ఆ మాటలో తప్పేమున్నది? సెంటరు గోడమీద పెద్ద బోర్డు ఉంటుంది: ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు అని. బెంచీల నిండా గర్భిణీ స్త్రీలు. వాళ్ళ మధ్య పంచె కట్టుకున్న ముసలాయన, లీటరు నీళ్ళు తాగి, కాళ్ళు ముడుచుకుని గంటన్నర కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో చూసి పంపేశారు. రిపోర్టులో ప్రోస్టేటు గ్రంథి పెరిగింది, నలభై ఎనిమిది గ్రాములు అని మాత్రమే ఉన్నది. మాత్రలు రాశారు. కొన్ని రోజులు వేసుకుని, సీసా అయిపోగానే మానేశాడు.

ఆ రోజు ఒక పని జరగలేదు. "పెద్దాయనా, ఒంటికి పోయి రా, మళ్ళీ ఒకసారి చూస్తాం" అని ఎవరూ అనలేదు. ఆ రెండో బొమ్మ తీసి ఉంటే, పోసి వచ్చిన తరువాత కూడా లోపల ఎంత మిగిలి ఉన్నదో తెలిసేది. నా వాదమంతా ఆ రెండో బొమ్మ గురించే.

మిత్రులారా, లోపలి సంగతి మనకు తెలిసిన భాషలోనే చెప్పుకుందాం. మూత్రాశయం ఒక చెరువు. దాని కింద తూము. మగవాడికి ఆ తూము చుట్టూ ప్రోస్టేటు గ్రంథి ఉంటుంది. పడుచువాడిలో అది ఇరవై, ఇరవై ఐదు గ్రాములు. వయస్సుతో పెరుగుతుంది. అరవై దాటినవాళ్ళలో సగం మందికి పైగా ఎంతో కొంత పెరిగే ఉంటుంది. అది క్యాన్సరు కానక్కరలేదు, చాలామందికి కాదు. తూముకు పూడిక పడితే చెరువు ఖాళీ కాదు. నీళ్ళు నెట్టడానికి గోడ కండరం మరింత కష్టపడి మందమెక్కుతుంది. ఏళ్ళ తరబడి అలా నెట్టీ నెట్టీ చివరకు అలిసిపోతుంది. నిలవనీళ్ళలో పాచి పట్టినట్టు, నిలవ మూత్రంలో సూక్ష్మక్రిములు చేరతాయి, రాళ్ళు కడతాయి. ఇంకా ముదిరితే ఎగువకు పోటెత్తి మూత్రపిండాలు ఉబ్బుతాయి. మా తాతకు ఒక పక్క కొంచెం ఉబ్బింది కూడా.

అన్ని కేసుల్లోనూ తప్పు తూముదే అనుకోవద్దు. పొలంలో బోరు సన్నగా పోస్తున్నదనుకోండి. పైపు మూసుకుపోయిందా, మోటారు బలహీనపడ్డదా? బయటికి కనిపించేది ఒకటే సన్నటి ధార. మధుమేహం ముదిరినవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళకు నరాలు సరిగ్గా కబురందించక మోటారే సన్నగిల్లవచ్చు. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. కనుక వయస్సు చూసి, ప్రోస్టేటు అని ముద్ర వేసి పంపడం శాస్త్రం కాదు.

ఇక్కడ మన అతిధ్వని పనికొస్తుంది. 1880లో క్యూరీ సోదరులు, జాక్, పియరీలు, కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లాంజెవాన్ ఆ కంపనంతో నీటిలోని జలాంతర్గాములను పసిగట్టే మార్గం చూపాడు. తరువాత లోహంలో పగుళ్ళు పట్టే యంత్రాలు వచ్చాయి. గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ అనే డాక్టరు, అటువంటి పరికరాన్నే మనిషి కడుపు మీద పెట్టి చూసి, తన సహచరులతో కలిసి 1958లో ఆ ఫలితాలు ప్రకటించాడు. యుద్ధానికి పుట్టిన విద్య ఆస్పత్రికి చేరింది.

మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటిన ధ్వనిని వినలేదు. పొట్టను చూసే స్కానింగులో వాడేది సుమారు ముప్పైఐదు లక్షల హెర్ట్జ్. మెత్తటి కణజాలంలో ధ్వని వేగం సెకనుకు 1,540 మీటర్లు. లెక్క కట్టండి: తరంగదైర్ఘ్యం అర మిల్లీమీటరు కంటె తక్కువ. అందువల్లే మిల్లీమీటర్లలో కొలవడం సాధ్యమవుతుంది. పది సెంటీమీటర్ల లోతున ఉన్న వెనక గోడకు ధ్వని పోయి, తగిలి తిరిగి రావడానికి సెకనులో పదివేలవ వంతుకు కొంచెం పైన, అంటే 130 మైక్రోసెకన్లు పడుతుంది. యంత్రం ఆ కాలాన్ని దూరంగా మార్చి బొమ్మ గీస్తుంది. మూత్రం నీటివంటిది కనుక లోపల ఎక్కడా పరావర్తనం లేదు. తెరమీద నల్లగా, రాత్రిపూట తొంగిచూసిన బావిలాగ కనిపిస్తుంది. గోడలు తెల్లగా ఉంటాయి. గాలి మాత్రం అతిధ్వనికి శత్రువు. చర్మానికీ పరికరానికీ మధ్య గాలి పొర లేకుండా ఆ చల్లటి జెల్లీ పూసేది అందుకే. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, సూది లేదు, నొప్పి లేదు.

పరిమాణం కట్టడం ఇంటర్మీడియట్ పిల్లవాడికి కూడా వచ్చు. పొడవు, వెడల్పు, లోతు గుణించి మళ్ళీ 0.52తో గుణించాలి. ఈ 0.52 ఎక్కడిదంటారా? పై బై ఆరు. కోడిగుడ్డు ఆకారపు ఘనపరిమాణపు సూత్రమే. ట్యూబు తీసేసిన తరువాత మా తాతకు తీసిన మొదటి బొమ్మలో కొలతలు 10, 8.5, 8 సెంటీమీటర్లు. అంటే దాదాపు 354 మిల్లీలీటర్లు. ఒంటికి పోయి వచ్చాక 8, 7.5, 7, అంటే 218. "మంచిగనే పోసిన" అని తాత చెప్పిన ఆ పోతలో బయటికి వచ్చింది 136 మిల్లీలీటర్లే! సగానికి పైగా లోపలే ఉండిపోయింది. మనిషి అబద్ధం చెప్పలేదు. ఆయన శరీరానికే ఆ లెక్క తెలియదు. ఏళ్ళ తరబడి సాగిపోయిన సంచి నిండిన సంగతి చెప్పడం మానేస్తుంది. అందుకే నోటిమాట చాలదు, కొలత కావాలి అంటున్నాను.

పోసిన తరువాత యాభై మిల్లీలీటర్లలోపు మిగిలితే భయం లేదు. నూరు దాటితే గమనిస్తూ ఉండాలి. మూడువందలు దాటి నెలల తరబడి ఉంటే అది నిలవ జబ్బే. ఇదే పరీక్షలో ఇంకా కొన్ని కబుర్లు తెలుస్తాయి. నిండిన సంచి గోడ పల్చగా సాగి ఉండాలి. 5 మిల్లీమీటర్లు దాటి మందంగా ఉంటే డాక్టర్లు అడ్డంకిని అనుమానిస్తారు. ప్రోస్టేటు ముక్క సంచిలోకి ఎంత పొడుచుకు వచ్చిందో చూస్తారు. పది మిల్లీమీటర్లు దాటితే, గ్రంథి బరువు తక్కువే అయినా దారి మూసే అవకాశం ఎక్కువ. అంటే గ్రాముల లెక్క ఒక్కటే రాసిచ్చిన రిపోర్టు సగం రిపోర్టు. చిన్న గ్రంథి పెద్ద బాధ పెట్టవచ్చు, పెద్ద గ్రంథి ఊరుకోనూవచ్చు.

ఐతే యంత్రాన్ని దేవుణ్ణి చెయ్యడం కూడా తప్పే. లోపల నీళ్ళు మిగిలాయని స్కానింగు చెబుతుంది. పైపు తప్పా, మోటారు తప్పా అన్నది తేల్చి చెప్పలేదు. దానికి ధార వేగం కొలిచే పరీక్ష ఉన్నది. సెకనుకు పదిహేను మిల్లీలీటర్లు దాటితే సాధారణంగా మంచిది, పదికి తగ్గితే అనుమానం. అప్పటికీ తేలకపోతే సన్నటి ట్యూబుతో లోపలి పీడనం కొలిచే పరీక్ష ఉన్నది. బోరుకు ప్రెషర్ గేజీ పెట్టినట్టు. అది అందరికీ అక్కరలేదు. ఒక్కసారి తీసిన కొలతను కూడా పూర్తిగా నమ్మకూడదు. మనిషిని పట్టరానంతగా కూర్చోబెట్టి, ఆనక తొందరపెట్టి పొయ్యమంటే, కొత్త చోట, తలుపవతల జనం ఉంటే, ఎవరికైనా కొంత మిగిలిపోతుంది. అనుమానం ఉంటే ఇంకో రోజు మళ్ళీ చూడాలి. ఏ బాధా లేనివాడిని పట్టుకుని స్కానింగు చెయ్యమని కూడా నేను అనడం లేదు.

నేననేది మూడు మాటలు.

మొదటిది. మగవాడికి మూత్రాశయం పరీక్ష రాసినప్పుడు రెండు బొమ్మలూ తియ్యాలి. నిండుగా ఒకటి, పోసి వచ్చాక ఒకటి. చెయ్యకపోతే రోగి మనుషులే అడగాలి. కొత్త యంత్రం కొననక్కరలేదు, కొత్త భవనం కట్టనక్కరలేదు. కావలసింది ఐదు నిమిషాల ఓపిక, పక్కన తలుపు గడియ పడే ఒక మరుగుదొడ్డి. నవ్వకండి. మరుగుదొడ్డి సరిగ్గా లేని చోట రెండో బొమ్మ నిజం చెప్పదు.

రెండోది. ఈ పరీక్ష జనం దగ్గరికి రావాలి. మన రాష్ట్రంలో బస్తీ దవాఖానలు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం 2018లోనే మొదలైనాయి. ఉస్మానియాలోను, నిమ్స్‌లోను మూత్రవ్యాధుల విభాగాలున్నాయి. కాని పల్లెలో మొదట చూసేవాడి దగ్గర ఇది జరగకపోతే, పెద్దాసుపత్రికి మనిషి ట్యూబుతోనే చేరతాడు. ఇతర దేశాలలో నర్సులే చేతిలో పట్టే చిన్న యంత్రంతో మంచం దగ్గరే ఈ కొలత తీస్తున్నారు. మన దగ్గర ఇది అంత సులభం కాదు, దానికొక కారణమున్నది. ఆడపిల్లలను గర్భంలోనే చంపే పాపాన్ని ఆపడానికి 1994లో చేసిన చట్టం 1996 నుంచి అమలులో ఉన్నది. స్కానింగు యంత్రానికి రిజిస్ట్రేషను తప్పనిసరి. 2012లో, ఊరూరా తిప్పే యంత్రాలపై నిబంధనలు ఇంకా బిగించారు. ఆ చట్టాన్ని సడలించమని నేను చచ్చినా అనను. మా ఊళ్ళో నా ఈడు మగపిల్లలను లెక్కపెట్టి, ఆడపిల్లలను లెక్కపెట్టి చూసినవాణ్ణి. చట్టం లోపలే దారి ఉన్నది. రిజిస్టరైన ప్రభుత్వ ఆస్పత్రులలో వారానికి ఒక పూట వయసు మళ్ళిన మగవాళ్ళకని కేటాయించవచ్చు. గర్భిణీల బెంచీ మీద కూర్చోవలసి వస్తుందని వెనకాడే ముసలాయన ఆ పూట వస్తాడు.

మూడోది మన పని. డాక్టర్లు ప్రపంచమంతటా వాడే ఒక చిన్న ప్రశ్నాపత్రం ఉన్నది. ఏడు ప్రశ్నలు: పోసినాక ఇంకా మిగిలినట్టుంటుందా? రెండు గంటలు తిరగకముందే మళ్ళీ పోవలసి వస్తుందా? ధార ఆగి ఆగి వస్తుందా? ఆపుకోవడం కష్టమా? ధార సన్నబడ్డదా? ముక్కవలసి వస్తుందా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు, మొత్తం ముప్పైఐదు. ఏడులోపు తేలిక, ఎనిమిది నుంచి పందొమ్మిది మధ్యస్థం, ఇరవై, ఆపైన తీవ్రం. మన పరీక్షలకు భిన్నంగా ఇందులో ఎన్ని మార్కులు తక్కువొస్తే అంత మంచిది! మన కాలేజి ఎన్.ఎస్.ఎస్. వారు ఏటా పల్లెలో క్యాంపు పెడతారు. రోడ్డు ఊడ్చి, మొక్కలు నాటి వస్తాము, ఫోటో దిగుతాము. ఈసారి ఈ ఏడు ప్రశ్నలు మన యాసలో అచ్చు వేసుకుని పోదాం. రచ్చబండ మీద కూర్చున్న పెద్దలను పక్కకు పిలిచి అడుగుదాం. ఎక్కువ మార్కులు వచ్చినవారికి రెండు బొమ్మల సంగతి చెప్పి, దగ్గరి ఆస్పత్రికి చీటీ రాసిద్దాం.

ఇది విని నా మిత్రుడొకడు, "ముసలితనంలో మామూలేరా, దీనికి సావనీరులో వ్యాసమా?" అన్నాడు. ఇంకొకడు సిగ్గు లేదా అన్నాడు. మామూలే అనుకునే తాత ఇన్నేళ్ళు ఊరుకున్నాడు. సిగ్గుపడే నేను ముసుగు కప్పుకున్నాను. ఆ రెండు మాటల ఖరీదు ఒక మూత్రపిండం అయ్యేది, కొద్దిలో తప్పింది. ఆడవాళ్ళ బాధలు ఆడవాళ్ళు బావి దగ్గర, బీడీలు చుట్టే అరుగు మీద చెప్పుకుంటారు. మగవాడు తన బోరు ఎండిన సంగతి ఊరందరికీ చెబుతాడు, అప్పు సంగతి చెబుతాడు. ఇది మాత్రం భార్యకు కూడా చెప్పడు. ధార సన్నబడితే మగతనం సన్నబడ్డదని ఎవరో నవ్వుతారని భయం. రెండింటికీ సంబంధం లేదని చెప్పవలసింది చదువుకున్న మనమే కదా!

తాత ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడు. పోయిన నెల కొలతలో మిగులు తొంభైకి దిగింది. ఆపరేషను అవసరం పడితే అప్పుడు చూద్దామన్నారు. రాత్రి రెండుసార్లే లేస్తున్నాడట. "చింతచెట్టుకు నీళ్ళు తక్కువైనయిరా" అని ఫోనులో నవ్వాడు.

మొన్న కిరాయి ఇవ్వడానికి పోతే ఇంటి ఓనరు చాచా తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగాడు. "బేటా, మేరేకు భీ రాత్‌కు చార్ బార్ ఉఠ్‌నా పడ్తా. ఆ పరీక్ష ఏందన్నవు?" ఆ రాత్రి కొడుకును ఆటో తియ్యమన్న మనిషి, ఇన్ని నెలలూ తన సంగతి చెప్పలేదు! కాగితం తీసి ఏడు ప్రశ్నలూ అడిగాను. పదిహేడు వచ్చింది. సోమవారం ఇద్దరం కలిసి పోతున్నాము. రెండో బొమ్మ తీసేదాకా నేను అక్కడనుంచి కదలను.

మీరు ఈ సంచిక మూసేముందు ఒక్క మాట. సెలవులకు ఇంటికి పోయినప్పుడు, రాత్రి పక్కమంచం చప్పుడైతే ముసుగు కప్పుకోకండి. లేచి కూర్చుని, "ఏమైంది తాతా?" అని అడగండి.

– బి.యస్సీ. విద్యార్థి, ఉప్పుగూడ